రెండు మిల్లీమీటర్లు ఇవతల

బర్కాలో మధ్యాహ్నం రెండింటికి
క్లినిక్ తలుపు పిడి పట్టుకుంటే చెయ్యి కాలుతుంది.
లోపల ఏసీకి నా వేళ్ళు కొంకర్లు పోతాయి.
ట్రేలో పసుపు పిడి ఫైలు, ఎర్ర పిడి ఫైలు,
కొన మూసుకుని పక్కన కన్నమున్న వెంట్రుకంత సూది,
వేణ్ణీళ్ళ గిన్నెలో మూడు సిరంజీలు.
వాటిలో ఉన్నది బట్టల మరకలు తీసేదానికి దగ్గరి చుట్టమే.
నా నీలం యూనిఫామ్ మీద నాలుగు తెల్లమచ్చలు.
నాలుగేళ్ళ సర్వీసు అంటుంది డాక్టర్ సులాఫా.

కుర్చీలో లింబాద్రి.
పీకించుకుందామనే వచ్చాడు.
పీకడానికి ఎనిమిది రియాళ్ళు, నిలబెట్టడానికి డెబ్బై.
వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని
నా బ్యాడ్జీ మీద పేరు చదివి, తెలుగులోకి దిగాడు.
"ఏరు మంచిగున్నదా చెల్లె?"

మా వైపు ఏరంటే పారే నీళ్ళు.
వాళ్ళ వైపు పంటి కింద ఉండేది కూడా ఏరే.
ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించాను.
మూడు పాయలు. కొసల్లో చీము నీడ.
"ఏరుంటే కడుగుండ్రి.
కడిగితే నడిచే పైపును
నేనెన్నడు కోసి పారెయ్యలే."

రబ్బరు తెర బిగించాక
మనిషి మొత్తం పోయి ఒక్క పన్ను మిగిలింది.
డాక్టరమ్మ సూది దించింది.
షువయ్యా, షువయ్యా అని తనకు తనే చెప్పుకుంటుంది,
ఈ దేశంలో నేను నేర్చుకున్న మొదటి మాట అది, నెమ్మదిగా.
కొసకు రెండు మిల్లీమీటర్లు ఇవతల ఆగాలి.
సూది గోడకు బిగుసుకోకూడదు.
బొటనవేలు వద్దు, చూపుడువేలి బరువు చాలు.
గట్టిగా నొక్కితే మందు ఎముకలోకి పోతుంది,
చూస్తుండగానే చెంప పొంగి కన్ను మూసుకుపోతుంది.

ఫైలుకు తిన్నని దారే తెలుసు.
పక్క సందులు, రెండు కాలవల నడుమ
ఈనెంత చీలికలు, కొసన మూడుగా విడిపోయే చోటు
ఉక్కుకు అందవు.
అక్కడికి నీళ్ళే పోవాలి, పోయి తిరిగి రావాలి.
నేను పీల్చే గొట్టం పట్టుకుని వచ్చేవాటిని చూస్తాను.
మొదట బూడిదరంగు.
తర్వాత నురగ.

లింబాద్రి చెయ్యెత్తాడు.
ఆగాం. నొప్పా?
తల అడ్డంగా ఊపి, ముక్కు చూపించాడు.

రెండో మందు పోసి, మళ్ళీ మొదటిది పోసి,
సన్నటి మొన సూది పెట్టి కాలవలో నీళ్ళను వణికించి
తెర తీసేసరికి నలభై నిమిషాలు.
సగం మొద్దుబారిన పెదవితో అన్నాడు,
"గదే వాసన. మా ప్లాంట్ల గదే పోస్తం.
సముద్రం గుంజే పైపులల్ల గవ్వలు వట్టకుంట.
మాకు గూడ ప్రెజర్ వెట్టొద్దంటరు,
వెడితే ఇంకో దిక్కు పగుల్తది."

నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను.
డాక్టరమ్మ మాస్కు దించి అతన్ని మొదటిసారి పూర్తిగా చూసింది.
శుభ్రమైందని మీకెలా తెలుస్తుందని అడగమంది.

"ఎల్లే నీళ్ళు జూస్తం.
వోయినట్టే వస్తె అయినట్టు.
అయినా నమ్మం. ఒక రాత్రి ఆగి మళ్ల జూస్తం."

మేమూ అంతే, అంది.
కాగితపు పుల్లలతో తడి అద్ది, సున్నపు ముద్ద నింపి
పైన తాత్కాలికంగా మూసి, గురువారం రమ్మంది.

గురువారం రాలేదు.
ఫోన్ చేస్తే పంపుల హోరులో గొంతు.
ప్లాంట్ బంద్ పెట్టి కడుగుతున్నారట.
"మూడొద్దులు ఆగుతది చెల్లె, ఏం కాదు."
పన్నా, పైపా అని అడిగేలోపు లైను పోయింది.

కార్డు మీద గురువారం కొట్టేసి
ఆదివారం అని రాశాను,
పెన్సిల్‌తో.